ఏడు గుమ్మడి గింజలు: ఇంట్లోనా, పాదులోనా?

ఈ వారం వంకాయ పుచ్చు సంగతి రాద్దామని కాగితం ముందు పెట్టుకున్నాను. అంతలో కనకమామిడి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చేతికి వచ్చింది. అది చదివిన తరువాత వంకాయ వచ్చే వారానికి ఆగగలదనిపించింది. ఆమె అడిగిన పని ఆగేది కాదు. రోహిణి కార్తె నడుస్తున్నది. మరి కొద్ది రోజులలో మిరుగం వస్తుంది.

కనకమామిడి ఎక్కడున్నదో తెలియనివారికి చెబుతాను. హైదరాబాదు నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద, ఊడలు దిగిన పాత మర్రిచెట్ల మధ్యగా మొయినాబాదు దాటి మరి కొంత ముందుకు పోతే వస్తుంది. ఎర్ర చెలకలు, బోరుబావుల కింద కూరగాయలు, అక్కడక్కడా పూలతోటలు ఉన్న నేల. మెహిదీపట్నం రైతుబజారులో మీరు బేరమాడి కొన్న టమాటా, బెండ ఈ దిక్కునుంచి వచ్చినవే అయి ఉండవచ్చు.

ఆ సోదరి రాసినదాని సారాంశం ఇది. వాళ్లమ్మగారి పెరట్లో ఏళ్ల తరబడి ఒక నాటు గుమ్మడి కాస్తూ వచ్చింది. బండిచక్రంలాగా వెడల్పుగా, లోతైన గాట్లతో, పండితే మైనం పూసినట్లుగా ఉండే కాయ. ఏటేటా ఆవిడే గింజ తీసేది, పేడలో కలిపి పిడకగా గోడకు కొట్టేది. మూడేళ్ల క్రితం ఆవిడ పోయింది. చివరిసారి కొట్టిన పిడకను విప్పితే పదిహేను గింజలు దొరికినవి. పోయిన ఏడు మిరుగంలో ఎనిమిదింటిని పాదులో పెట్టారు. ఐదింటిని ఎలుకలు తవ్వుకుపోయినవి. ఒకటి మొలవనే లేదు. మొలిచిన రెండింటిలో ఒకదాన్ని ఎర్ర పెంకుపురుగు జల్లెడ చేసింది, రెండోదాన్ని నెమలి పొడిచింది. మిగిలినవి ఏడు.

ఇక ఆమె మాటల్లోనే వినండి: "మా బిడ్డ న్యూజెర్సీల ఉంటది. అమ్మా, పాదుల పెట్టకు, ఇంట్ల కప్పులల్ల పెట్టు, మేమందరం ఇక్కడ గట్లనే పెడతం అంటది. మా అత్తేమో గుమ్మడి గింజ ఇంట్ల మొలిపిస్తే తీగ పారదు, దాని జాగల దాన్ని పెట్టాలె అంటది. ఇద్దరు చెప్పింది వింటే నాకు నిద్ర పడుతలేదు. ఉన్నయి ఏడే. ఇంట్ల పెట్టాల్నా, పాదుల పెట్టాల్నా?"

అమ్మా, మీ బిడ్డ చెప్పినదీ అబద్ధం కాదు, మీ అత్తగారు చెప్పినదీ అబద్ధం కాదు. ఎవరి నేలకు తగిన మాట వారు చెప్పారు. మీ అత్తగారిది మీ నేలే గనుక మామూలు గింజ అయితే నేను ఆమె వైపే మొగ్గుతాను. కాని మీ చేతిలో ఉన్నది మామూలు గింజ కాదు. అందుచేత ఇద్దరి మాటా సగం సగం వినవలసి వస్తున్నది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ముందు న్యూజెర్సీ సంగతి. అక్కడ మే నెల సగం గడిచేదాకా రాత్రిపూట మంచు భయం పూర్తిగా పోదు. నేల చల్లగా ఉంటుంది. గుమ్మడి గింజకు వేడి కావాలి. మట్టిలో 25 డిగ్రీలు మొదలు 35 డిగ్రీల దాకా వేడి ఉంటే హుషారుగా మొలుస్తుంది. 15 డిగ్రీలకు దిగితే మొలవదు సరికదా, తడిసి మెత్తబడి కుళ్లుతుంది. మళ్లీ అక్టోబరు వచ్చేసరికి మంచు తిరిగి వస్తుంది. ఆ రెండు మంచుల మధ్యనే మూడున్నర నాలుగు నెలల తీగ మొలిచి, పారి, పూసి, కాసి, పండవలె. కాబట్టి అక్కడి మనవాళ్లు ఏప్రిల్‌లోనే కిటికీ పక్కన కప్పులలో సొర, దోస, గుమ్మడి గింజలు నాటి, చంటిపిల్లలను చూసుకున్నట్లు చూసుకుని, మే నెలలో బయట పెడతారు. వాళ్లు ఇంట్లో పెట్టేది సరదాకు కాదు, మూడు వారాల కాలాన్ని కొనుక్కోవడానికి.

ఆ మూడు వారాల విలువ ఎంతటిదో ఒక్క ముచ్చటలో చెబుతాను. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్‌మూన్‌బే అనే ఊళ్లో జరిగిన పోటీలో ఒక గుమ్మడికాయ 2,749 పౌండ్లు తూగింది. మన లెక్కలో 1,247 కిలోలు. అప్పటికి ప్రపంచంలో అంత బరువైన గుమ్మడి లేదు. దాన్ని పండించినాయన వచ్చింది మిన్నెసోటా నుంచి, అంటే ఏప్రిల్‌లో కూడా చలి వదలని దేశం నుంచి. అటువంటిచోట గింజను ఇంట్లో మొలిపించకపోతే ఆ కాయ సగం కూడా ఊరదు. (అంత కాయను ఎవరు తింటారని అడగకండి. తినడానికి కాదట!)

ఇప్పుడు కనకమామిడికి వద్దాం. జూన్ 7వ తేదీకో 8వ తేదీకో మిరుగం వస్తుంది. రోహిణి ఎండలకు కాగిన నేల మీద రెండు వానలు పడిన తరువాత గుప్పెడు మట్టి తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటుంది. గుమ్మడి గింజ కోరే వేడి అదే. దానిని ఇంట్లోకి తెచ్చి మనం అదనంగా ఇవ్వగలిగింది ఏమీ లేదు. ముందు ఇంకా ఐదారు నెలలు మంచుభయం లేని కాలమే. కాలాన్ని కొనుక్కోవలసిన అవసరం మనకు లేదు. వేడి కోసమే అయితే మిరుగంలో గుమ్మడి గింజను ఇంట్లో పెట్టడం వానలో గొడుగు కింద నిలబడి మొక్కకు నీళ్లు పోయడంలాంటిది.

పైగా నష్టమున్నది. మీ అత్తగారు "తీగ పారదు" అన్నది ఆ నష్టం గురించే. గుమ్మడి గింజ మొలిచే తీరు ఒకసారి చూడండి. నీరు పీల్చుకున్న గింజ మొనవైపు చీలి, ముందు తెల్లని వేరు కిందికి దిగుతుంది. పైకి ఏమీ కనిపించదు. వేరు దిగి పట్టు దొరికిన తరువాత కాడ విల్లులాగా వంగి మట్టిని ఎత్తుతుంది. అప్పుడు పెచ్చు లోపల ఉన్న రెండు పప్పులు బయటికి రావాలి గదా, ఎట్లా వస్తవి? వేరూ కాడా కలిసేచోట కిందివైపున చిన్న మడమలాంటి ముద్ద ఒకటి పుడుతుంది. ఆ మడమ కింది పెచ్చు అంచును తొక్కి పట్టుకుంటుంది. వంగిన కాడ పైకి లాగుతుంది. పెచ్చు రెండుగా విడిపోతుంది, పప్పులు బయటపడి ఆకులవుతవి. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో మొక్కల కదలికలను గురించి అచ్చు వేసిన పుస్తకంలో ఈ మడమను బొమ్మతో సహా వివరించారు. 1998లో జపాను శాస్త్రజ్ఞులు గుమ్మడికి దాయాది అయిన దోస గింజలను అంతరిక్ష నౌకలో పంపి, కిందూ మీదా లేనిచోట మొలిపించి చూస్తే, ఏది కింద అన్నది తెలియక మొలకకు రెండు పక్కలా మడమలు వచ్చినవట. గింజ అంత చిన్నదైనా దానికీ భూమి ఎటున్నదో ఎరుక!

ఇదంతా ఎందుకు చెప్పానంటే, గింజను పడుకోబెట్టి నాటవలెనని చెప్పడానికి. నిలువుగా గుచ్చితే మడమకు పెచ్చు అంచు సరిగా దొరకదు. మొలక పెచ్చును నెత్తిమీద టోపీలాగా పెట్టుకుని పైకి వస్తుంది. ఆకులు విచ్చుకోక ముడుచుకుపోతుంది. అటువంటి టోపీని గోటితో లాగకండి. తడి దూది దాని మీద కాసేపు ఉంచితే మెత్తబడి దానంతట అదే జారిపోతుంది.

ఇక వేరు. పైకి మొదటి రెండు దళసరి ఆకులు విచ్చుకునేనాటికే కింద తల్లివేరు బెత్తెడు దాటి పోయి, పక్కవేళ్లు దారాలుగా పట్టి ఉంటుంది. వంగ, టమాటా, మిరప నారును పీకి నాటినా ఊరుకుంటవి. తెగిన వేళ్ల స్థానంలో కొత్త వేళ్లు వేసుకుని లేస్తవి. గుమ్మడి జాతి అట్లా కాదు. దాని వేరు తెగితే అలుగుతుంది. చావకపోయినా వారం పది రోజులు అట్లాగే ముడుచుకుని కూర్చుంటుంది.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక పెద్ద మట్టి కుండలో ఆరు గింజలు నాటి, నెల రోజులు ముద్దుగా పెంచి, మొక్కకు నాలుగేసి ఆకులు వచ్చిన తరువాత ఒక్కొక్కదాన్నే పీకి పాదులలో పెట్టాను. గింజలు నాటేనాడు చెయ్యి జారి ఒకటి గోడపక్కన పడిందని నాకు అప్పుడు తెలియదు. అది ఎవరూ చూడకుండా మొలిచి, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగి, నా ఆరు తీగలూ ఇంకా తల ఎత్తకముందే గోడెక్కి పూసింది. మా ఇంట్లో ఆ ఏడంతా ఆ గోడపక్క తీగనే చూపించి నన్ను పలకరించేవారు.

కాబట్టి మామూలు గింజలున్నవారు, దుకాణంలో పొట్లం కొన్నవారు, చుట్టపక్కాలు ఇచ్చిన గుప్పెడు గింజలున్నవారు ఆలోచించకండి. వాన పదునైన తరువాత పాదులోనే వేయండి. పాదుకు నాలుగైదు గింజలు, అంగుళం లోతున, పడుకోబెట్టి. నాలుగు మొదలు ఏడు రోజులలో మొలుస్తవి. బలమైన రెండు ఉంచి తక్కినవాటిని పీకకుండా మట్టి మట్టానికి గిల్లివేయండి. పీకితే పక్కదాని వేళ్లు కదులుతవి.

కాని ఆ సోదరికి ఉన్నవి ఏడు. పాదుకు ఐదు వేసి రెండు ఉంచుకునే భాగ్యం ఆమెకు లేదు. పోయిన ఏడు ఆమెను ఓడించింది చలి కాదు, నేల కాదు. ఎలుక, పురుగు, నెమలి. ఈ మూడూ గింజనాడూ పసిమొక్కనాడూ చేసే దొంగతనాలే. తీగ మూరెడు పారిందంటే ఎలుక దాని జోలికి పోదు, నెమలికి ఆ మోజు తగ్గుతుంది. ఆ పది పన్నెండు రోజులు గింజను కళ్లముందు ఉంచుకోగలిగితే చాలు. ఇంట్లో మొలిపించడం మన దగ్గర వేడి కోసం కాదు, కాపలా కోసం. వేరు కదలకుండా కాపలా కాయగలిగితే మీ బిడ్డ మాటా నిలుస్తుంది, మీ అత్తగారి మాటా నిలుస్తుంది.

దానికి మన దగ్గర మంచి పాత్ర ఒకటి ఉన్నది. మోదుగాకు దొప్ప. పెద్దవి, నాలుగు వేళ్ల లోతున్నవి, చీపురుపుల్లతో దగ్గరగా కుట్టించుకోండి. దాని గుణమేమిటంటే రెండు వారాలు మట్టిని పట్టి నిలుస్తుంది, ఆ తరువాత నేలలో తనే మట్టి అవుతుంది. మొక్కను దొప్పతో సహా పాదులో దించవచ్చు. వేరుకు కబురే తెలియదు. మోదుగాకు దొరకనివారు వార్తాపత్రికను రెండు మడతలు పెట్టి గ్లాసు చుట్టూ చుట్టి గొట్టంగా చేసుకోవచ్చు. కొబ్బరిచిప్ప చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గాని అది నేలలో ఎంతకూ కుళ్లదు, వేరు లోపలే సుడి తిరుగుతుంది. ప్లాస్టిక్ గ్లాసు అయితే నాటేనాడు బ్లేడుతో నిలువునా కోసి తీయాలి.

నర్సరీలవారు నల్లని ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గుంతకొక గింజ వేసి, వల పందిరి కింద నారు పెంచుతున్నారు. జీడిమెట్లలో ఉద్యానశాఖవారి కేంద్రంలోనూ కూరగాయల నారు ఇట్లాగే పెంచుతారు. అది మంచి పద్ధతే. గడ్డతో సహా ఊడి వస్తుంది గనుక వేరు చెదరదు. అయితే ఏడు గింజలకు ట్రే ఎందుకు?

దొప్పలో సగం జల్లించిన ఎర్రమట్టి, సగం బాగా మాగిన పెంట ఎరువు, పిడికెడు ఇసుక కలిపి నింపండి. పచ్చిపేడ వద్దు. వేరును కాలుస్తుంది, చీమలను పిలుస్తుంది. దొప్ప అడుగున పుల్లతో రెండు చిల్లులు పొడవండి. గింజలను ముందునాటి రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే తీసి తడి గుడ్డలో మూటకట్టి, ఒక గిన్నెలో పెట్టి మూత వేయండి. నీళ్లలో తేలిన గింజను తాలుది అని పారవేయకండి. వడ్లకు ఆ పరీక్ష చెల్లుతుంది గాని గుమ్మడికి చెల్లదు. లోపల గాలి ఉండి మంచి గింజ కూడా తేలుతుంది. పూటకోసారి మూట విప్పి చూడండి. రెండో రోజో మూడో రోజో మొనన తెల్లగా బియ్యపుగింజంత వేరు కనిపిస్తుంది. అంతవరకే ఆగండి. ఇంకా పొడుగైతే గుడ్డ పోగులలో చిక్కుకుని తెగుతుంది. ఆ గింజను పడుకోబెట్టి, వేరు మొన కిందికి ఉండేటట్లు, అంగుళం లోతున పెట్టి మట్టి కప్పండి. గుడ్డలో వారం దాటినా కదలని గింజను నొక్కి చూడండి. మెత్తగా ఉంటే దాని పని అయిపోయినట్లే.

మూడేళ్ల నాటి గింజ మొలుస్తుందా అన్న భయం మీకు ఉండవచ్చు. పొడిగా ఉంచిన గుమ్మడి గింజ నాలుగేళ్ల దాకా మొలకశక్తిని నిలుపుకుంటుంది. పిడకలో ఉన్న గింజకు పురుగు పట్టదు, తేమ తగలదు. మీ అమ్మగారు చేసిన పని మీకు ఇప్పుడు అక్కరకు వచ్చింది.

దొప్పలను వసారాలో పెట్టుకోమంటాను గాని ఇంట్లో చీకటి మూలన పెట్టమని కాదు. ఇంట్లో పెంచేవారు నూటికి తొంభైమంది చేసే తప్పు ఇక్కడే. మొలక కనిపించిననాటినుంచి దానికి పొద్దుటి ఎండ కావాలి. లేకపోతే వెలుగు కోసం మెడ సాచి, పాలిపోయి, దారంలాగా సాగి, బయట పెట్టిన మొదటి గాలికే పడిపోతుంది. పగలు ఎండలో, కంటికి ఎదురుగా. రాత్రి ఎలుక ఎక్కలేనిచోట. పెద్ద తట్టలో దొప్పలన్నీ పెట్టి దూలానికి ఉట్టి కట్టితే దివ్యంగా ఉంటుంది. ఉట్టి లేకపోతే తట్ట మీద ఇనుప జల్లెడ బోర్లించి పైన రాయి పెట్టండి. నీళ్లు చిలకరించడమే గాని పోయడం వద్దు. మొలక మొదట్లో కుళ్లి వాలిపోవడానికి ఎక్కువగా కారణం దాహం కాదు, మన ప్రేమ.

ఇక కాలం లెక్క. ఇది మరిచిపోకుండా ఉండేందుకు నేను ఒక చిన్న సూత్రం చెబుతాను: మిరుగంలో దొప్పలో, ఆరుద్రలో పాదులో. మిరుగం మొదటి రోజులలో దొప్పలో పెట్టిన గింజ, జూన్ 21, 22 తేదీలలో ఆరుద్ర వచ్చేసరికి రెండు దళసరి ఆకుల మధ్య ఒకటో రెండో అసలు ఆకులు వేస్తుంది. పాదులో పెట్టవలసింది అప్పుడే. మరొక్క వారం ముద్దు చేద్దామని ఆగితే వేరు దొప్ప అడుగు దాటి తట్టలోకి పాకుతుంది. నా కుండలో జరిగినదే మళ్లీ జరుగుతుంది.

పాదు మాత్రం ఈ వారమే తవ్వించండి. మూరెడు వెడల్పు, మూరెడు లోతు, పాదుకూ పాదుకూ నాలుగు మూరలకు పైగా ఎడం. రోహిణి ఎండకు గుంత నాలుగు రోజులు కాగితే అందులోని పురుగుల గుడ్లు చస్తవి. తరువాత తవ్విన పైమట్టిలో రెండు తట్టల మాగిన ఎరువు కలిపి నింపి, చుట్టూ నేలకన్నా బెత్తెడు ఎత్తుగా దిబ్బలాగా చేయండి. చెలక నేలలో నీరు త్వరగా ఇంకుతుంది గాని, జడివాన నాలుగు రోజులు పట్టుకుంటే పల్లంలో ఉన్న పాదు చెరువవుతుంది. గుమ్మడి మొక్క దాహానికి ఓర్చుకున్నంతగా నిలవ నీటికి ఓర్చుకోదు.

నాటేది సాయంత్రం, మబ్బు ఉన్ననాడు. దొప్ప అడుగును వేలితో కొంచెం చీల్చి, అంచులు మట్టిపైన కనిపించకుండా దించండి. అంచు పైకి ఉంటే గాలికి ఎండి వత్తిలాగా తేమను పీల్చివేస్తుంది. వెంటనే దాని మీద ఒక వెదురుగంప బోర్లించండి. గంప కన్నాలలోనుంచి పెంకుపురుగు దూరకుండా పాత దోమతెర గుడ్డ కప్పండి. ఎర్ర పెంకుపురుగు పొద్దున చలికి మొద్దుగా కూర్చుని ఉంటుంది, ఆ వేళ చేతితో ఏరి కిరసనాయిలు చుక్క వేసిన నీళ్లలో వేయడం తేలిక. ఆకుల మీద జల్లెడపట్టిన బూడిద చల్లడం మన పెద్దలు చేసిన పనే. వాన పడితే మళ్లీ చల్లాలి, అంతే. పగలు గంప ఎత్తి ఎండ తగలనివ్వండి గాని దోమతెర ఉంచండి. ఐదారు ఆకులు వచ్చిన తరువాత గంప తీసివేయవచ్చు. నెమలి మాత్రం అప్పటికీ వస్తే నాలుగు తుమ్మకంపలు చుట్టూ వేయండి. చిలుకూరు దగ్గర మృగవని పార్కు ఉన్న మండలంలో నెమళ్లను రావద్దనే హక్కు మనకు లేదు.

ఈ లెక్కన జూలై నెలాఖరుకు మొదటి పూలు విచ్చుకుంటవి. అవి మగపూలు. వారం పది రోజుల దాకా కాయ లేదని కంగారుపడి ఎరువు దంచకండి. ఆడపూవు తరువాత వస్తుంది, రేకుల కింద చిన్న గుమ్మడిపిందెతో సహా వస్తుంది గనుక పోల్చుకోవడం పిల్లలకు కూడా తెలుసు. తీగ పూస్తూనే ఉంటుంది. బతుకమ్మ పండుగ నాటికి కాయ పండుతుంది, శిఖరాన గౌరమ్మ పక్కన పెట్టే గుమ్మడిపూవూ మీ పెరట్లోనే దొరుకుతుంది.

బూడిదగుమ్మడిని గురించి ఒక్క మాట. వాకిట కట్టేదీ, వడియాలు పెట్టేదీ అయిన ఆ కాయ మన ఆసియాదే. కూరకు వండే తియ్యగుమ్మడి అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారు వచ్చిన తరువాత మన దేశం చేరింది. రెండూ వేరు కుటుంబశాఖలు గనుక పక్కపక్కన వేసినా ఒకదానితో ఒకటి కలవవు. బూడిదగుమ్మడి గింజ బద్ధకపుది, పూర్తిగా ఒక రాత్రి నానితే తప్ప కదలదు. తక్కిన పద్ధతి అంతా ఒకటే. ఎండకాలపు కాపు కోసం పుష్యమాసం చలిలో వేయదలచినవారు మాత్రం ఏ గుమ్మడి అయినా ఇంట్లోనే మొలిపించుకోండి. పట్నం కన్నా మొయినాబాదు, చేవెళ్ల పొలాలలో రాత్రి చలి ఎక్కువ. అప్పుడు న్యూజెర్సీ మాటే మనకూ వేదం.

మళ్లీ ఏడు గింజల దగ్గరికి వస్తాను. అమ్మా, ఏడింటినీ ఒకేసారి పెట్టకండి. నాలుగు పెట్టండి, మూడు దాచండి. నాలుగూ చెడినా మీ అమ్మగారి గుమ్మడి లోకంలో లేకుండా పోదు. ఒక్కటి బతికినా చాలు, ఒకే తీగ మీద మగపూవూ ఆడపూవూ రెండూ ఉంటవి గనుక అదే మీకు వందల గింజలు ఇస్తుంది.

కాని ఒక జాగ్రత్త. మీ పక్క చేనులో ఎవరైనా కొత్తరకం గుమ్మడి వేసి ఉంటే తేనెటీగ అక్కడి పుప్పొడి మోసుకొచ్చి ఇక్కడ దులుపుతుంది. కాయ మీద ఏమీ తెలియదు, అది మీ అమ్మగారి కాయలాగానే ఉంటుంది. తేడా గింజలో దాక్కుని, మరుసటి ఏడు బయటపడుతుంది. ఇట్లాగే ఎన్నో ఊళ్లలో పాత రకాలు ఎవరూ చంపకుండానే చచ్చిపోయినవి. దీనికి చేయవలసింది చాలా సులువు. రేపు విచ్చుకోబోయే మొగ్గలు ముందునాటి సాయంత్రమే చివర పసుపు తిరిగి ఉంటవి. ఒక ఆడమొగ్గకూ, రెండు మగమొగ్గలకూ కొసన దారం కట్టండి. మర్నాడు సూర్యోదయం వేళ మగపూవు కోసి, రేకులు ఒలిచి, దాని కేసరాన్ని ఆడపూవు నడుమ మెల్లగా అద్ది, ఆడపూవును మళ్లీ దారంతో మూసేయండి. మధ్యాహ్నానికి పూవు వాడుతుంది, ఆపైన ఏ తేనెటీగా ఏమీ చేయలేదు. ఆ కాయ కాడకు రంగుగుడ్డ పీలిక కట్టి గుర్తు పెట్టండి. అది వంటకు కాదు, గింజకు. తీగ ఎండేదాకా ఉంచి, కోసిన తరువాత కూడా మూడు వారాలు ఉట్టి మీద ఉంచి అప్పుడు పగలగొట్టండి. గింజ కాయలో ఉండే గట్టిపడుతుంది.

ఇటువంటి ఊరి గింజలను దాచే పని ప్రభుత్వంవారూ చేస్తున్నారు. మీకు దగ్గరలోనే రాజేంద్రనగరులో జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఢిల్లీలోని వారి విత్తన నిధిలో గింజలను సున్నాకు 18 డిగ్రీలు దిగువన, చలిగదులలో ఉంచుతారు. మీ తీగ కాసి, గింజ చేతినిండా వచ్చిన తరువాత గుప్పెడు అక్కడికి చేర్చే సంగతి ఆలోచించవచ్చు. ఇప్పుడే మాత్రం ఇవ్వకండి. ఏడింటిలో పంచిపెట్టడానికేమీ లేదు.

దాచమన్న మూడు గింజలను ఎండలో కాకుండా నీడన ఒక రోజు ఆరబెట్టి, చిన్న గాజుసీసాలో సగం దాకా జల్లించిన పొడి బూడిద పోసి, అందులో పెట్టి, మూత చుట్టూ మైనం కరిగించి పోయండి. పొయ్యికి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, కిందిభాగాన ఉంచండి. సీసా మీద చీటీ అంటించి గింజ తీసిన ఏడు రాయండి. కింద మీ అమ్మగారి పేరు రాయండి. నాలుగు దొప్పలలో ఎన్ని మొలిచినవో ఆరుద్ర వెళ్లేలోగా నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. మీ అత్తగారికి దోమతెర గంప చూపించి ఆమె ఏమన్నారో అది కూడా రాయడం మరవకండి.